మ్యాథ్స్ ముందేసుకుంటే వెర్బల్ మిగిలిపోతోంది: జీఆర్‌ఈకి టైం ఎట్లా పంచుకోవాలి?

ధర్మవరం_లోకల్ | ఆదివారం, రాత్రి 10:52

నమస్తే అందరికీ. అనంతపురంలో ఈసీఈ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. ఇల్లు ధర్మవరం. పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. విదేశంలో ఎంఎస్ కోసం ఇంకో పది వారాల్లో జీఆర్‌ఈ ఎంట్రన్స్ రాయాలని ఉంది, డేట్ ఇంకా బుక్ చేయలేదు.

ఈ రోజు పవర్‌ప్రెప్ (జీఆర్‌ఈ పెట్టేవాళ్లే ఇచ్చే నమూనా పరీక్ష) ఉచిత టెస్టుల్లో మొదటిది రాశా. 170కి క్వాంట్ (లెక్కలు) 158, వెర్బల్ (ఇంగ్లీషు) 143. చూసినప్పటి నుంచి అన్నం సయించట్లేదు. వెర్బల్ సంగతి ముందే తెలుసు. క్వాంట్ మాత్రం 165 తగ్గదనుకున్నా. ఇంటర్‌లో ఎంపీసీ, మ్యాథ్స్‌లో ఎప్పుడూ ముందు బెంచీనే.

నా రోజు ఇట్లా పోతుంది. ఏడింటికి కూర్చుంటా. మ్యాథ్స్ ముందు తీస్తా, ఎందుకంటే లెక్క తెగితే హాయిగా ఉంటుంది. ఇంకొకటి, ఇంకొకటి అంటూ పదవుతుంది. అప్పుడు పదాల జాబితా తీస్తే ఐదో పదానికే కళ్లు మూతలు పడతాయి. పక్క గదిలో నాన్న మగ్గం చప్పుడు, అది జోలపాటలా ఉంటుంది నాకు. తెల్లారి ఆ ఐదు పదాలూ గుర్తుండవు.

ఒక ఫ్రెండ్ వెర్బల్ వదిలేసి క్వాంట్ 170 కొట్టమంటాడు. ఇంకొకామె క్వాంట్ ఎట్లాగూ వస్తుంది, రోజంతా వెర్బలే చదవమంటుంది. రోజుకు మూడు గంటలే ఉన్నాయి. ఎట్లా పంచుకోవాలి?

క్వాంట్_గట్టిగా | ఆదివారం, రాత్రి 11:10

ఈసీఈ వాళ్లకి వెర్బల్ ఎవరడుగుతారు? ఎంఎస్‌కి క్వాంట్, ప్రాజెక్టులు, సీజీపీఏ చాలు. నాకు వెర్బల్ 147, అడ్మిషన్ వచ్చింది. అంతే.

టవర్‌క్లాక్_మామ | ఆదివారం, రాత్రి 11:31

147తో అడ్మిషన్ తెచ్చుకున్న మొనగాడు రాత్రి పదకొండుకి మన దగ్గర ఏం చేస్తున్నట్టు? అక్కడ పొద్దున కదా, క్లాసుకి పో అబ్బీ.

పాపా, ముందు అన్నం తిను. 158 వచ్చిందని పస్తుంటే 159 రాదు.

సెనక్కాయల_సీజన్ | సోమవారం, ఉదయం 6:15

పాపా, నేనూ అనంతపురం క్యాంపస్ నుంచే వచ్చాను. రెండుసార్లు రాశాను. మొదటిసారి క్వాంట్ 161, వెర్బల్ 146. రెండోసారి 167, 154. మధ్యలో నేను మార్చింది గంటల లెక్క కాదు. అది చెప్పేముందు నువ్వొక పని చెయ్.

ఆ టెస్టు మళ్లీ తెరిచి, క్వాంట్‌లో తప్పుపోయిన ప్రతి ప్రశ్నకీ పక్కన ఒక్క ముక్క రాయి. ‘తెలీదు’, ‘తెలుసు కానీ తప్పు చదివా’, ‘టైం చాల్లేదు’. ఈ మూడింట్లో ఏదో ఒకటి. వెర్బల్‌కి కూడా అంతే. సమాధానం చూసి ‘ఓహ్, ఇదా, సిల్లీ మిస్టేక్’ అని దాటేయొద్దు. సిల్లీ అనే మాట ఆ కాగితం మీద ఉండకూడదు. అది పెట్టి రా, తర్వాత మాట్లాడదాం.

ధర్మవరం_లోకల్ | సోమవారం, రాత్రి 9:40

అన్నా, చేశా. క్వాంట్‌లో 27కి 9 తప్పులు. నిజంగా తెలియనివి రెండే: ఒకటి స్టాండర్డ్ డీవియేషన్, ఒకటి ప్రాబబిలిటీ. టైం చాలనివి రెండు. మిగిలిన ఐదూ తెలుసు కానీ తప్పు చదివినవి. ‘ఇంటిజర్’ అని ఉంటే పాజిటివ్ అనుకున్నా. ‘ఎట్ లీస్ట్’ని ‘ఎగ్జాక్ట్‌లీ’ లాగా చేశా. ఒకదాంట్లో అడిగింది మిగిలిన మొత్తం, నేను ఖర్చయిన మొత్తం కట్టా. రాస్తుంటే సిగ్గేసింది.

వెర్బల్ తప్పులు 18. అందులో పదం తెలియక పోయినవి ఏడు మాత్రమే! నేను అన్నీ పదాలవల్లే అనుకున్నా. తక్కినవి ప్యాసేజీలు, ఇంకా పదాలన్నీ తెలిసినా వాక్యం అర్థం కాక పోయినవి.

సెనక్కాయల_సీజన్ | సోమవారం, రాత్రి 10:05

చూశావా. క్వాంట్‌లో 9 తప్పుల్లో 5 ఇంగ్లీషు తప్పులు. నువ్వు రోజూ మూడు గంటలు చేస్తున్న మ్యాథ్స్ ఆ ఐదింటినీ ముట్టుకోవడం లేదు. వచ్చిన లెక్కలే మళ్లీ మళ్లీ చేసి చేయి బాగా తిరుగుతోందని సంబరపడుతున్నావు. నేనూ ఏడాది అదే చేశా.

ఇంకోటి గుర్తుపెట్టుకో. ఈ పరీక్ష సెక్షన్ వారీగా మారుతుంది. క్వాంట్ మొదటి సెక్షన్ 12 ప్రశ్నలు, 21 నిమిషాలు. అందులో ఎట్లా చేశావన్న దాన్నిబట్టి రెండో సెక్షన్, అంటే 15 ప్రశ్నలు, 26 నిమిషాలది, ఎంత గట్టిగా రావాలో తేలుతుంది. మొదటి 12లో తప్పు చదివి మూడు పోగొట్టుకుంటే, తర్వాత నీకెంత మ్యాథ్స్ వచ్చినా పై స్కోరుకి దారి ఇరుకైపోతుంది. 158 అక్కడే ఆగిపోయి ఉంటుంది.

కందనవోలు_లెక్కలు | మంగళవారం, ఉదయం 7:20

కర్నూలులో పదేళ్లుగా మ్యాథ్స్ చెప్తున్నాను. పై అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మన పిల్లల చేయి వేగం, కన్ను తొందర. క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో, అంటే రెండు విలువల్లో ఏది పెద్దదో అడిగే ప్రశ్నల్లో, ఇది బాగా బయటపడుతుంది. క్లాసులో మొదటిరోజు నేనిచ్చే ప్రశ్న ఇది:

ఎక్స్, వై రెండూ పూర్ణాంకాలు. ఎక్స్ ఇంటూ వై 12. ఎడమవైపు ఎక్స్ ప్లస్ వై, కుడివైపు 6. ఏది పెద్దది?

పది సెకన్లలో చేతులు లేస్తాయి. 3, 4 కలిపితే 7. 2, 6 కలిపితే 8. 1, 12 కలిపితే 13. అన్నీ 6 కంటే పెద్దవే, ఎడమవైపే పెద్దది సార్ అంటారు. పాజిటివ్ అని ప్రశ్నలో ఎక్కడుందిరా అంటే క్లాసు నిశ్శబ్దం. మైనస్ 3, మైనస్ 4 గుణిస్తే కూడా 12 వస్తుంది, కలిపితే మైనస్ 7. కాబట్టి తేల్చలేం అనేది జవాబు. అదే ప్రశ్నలో ‘పాజిటివ్’ అన్న ఒక్క మాట చేరిస్తే ఎడమవైపే పెద్దది. మ్యాథ్స్ ఏమీ మారలేదు, ఒక్క విశేషణం మారింది.

ఇట్లాంటి మాటలు గట్టిగా ఇరవై కూడా ఉండవు. ఇంటిజర్, డిస్టింక్ట్, నాన్‌నెగటివ్ (సున్నా కూడా ఇందులో ఉందని మర్చిపోతారు), ఎట్ మోస్ట్, నైదర్, కన్సిక్యూటివ్. శాతాల్లో ‘పర్సెంట్ ఆఫ్’ వేరు, ‘పర్సెంట్ గ్రేటర్ దాన్’ వేరు. 50 అనేది 40లో 125 శాతం, కానీ 40 కంటే 25 శాతమే ఎక్కువ. తిరిగి 50 నుంచి 40కి వస్తే తగ్గింది 20 శాతం. గ్రాఫుల ప్రశ్నల్లో ఈ మూడు జవాబులూ ఆప్షన్లలో వరుసగా కూర్చుని ఉంటాయి.

ట్రిగనామెట్రీ, క్యాలిక్యులస్ ఈ పరీక్షలో లేనే లేవు. ఇంటర్‌లో చించేసిన ఇంటిగ్రేషన్ ఇక్కడ అక్కరకు రాదు. ఎక్కువభాగం పదో తరగతి లోపలిదే. కొంత స్టాటిస్టిక్స్, పర్ముటేషన్స్, ప్రాబబిలిటీ చూసుకోవాలి. ఆ స్టాండర్డ్ డీవియేషన్ రెండు ఆదివారాల పని.

క్వాంట్_గట్టిగా | మంగళవారం, ఉదయం 8:02

అందుకే కదా నేను క్వాంట్ చేయమన్నది. సార్ కూడా క్వాంట్ గురించే చెప్తున్నారు.

కందనవోలు_లెక్కలు | మంగళవారం, ఉదయం 8:15

లేదు బాబూ, నేను చదవడం గురించి చెప్తున్నాను. ప్రశ్న మళ్లీ చదువు :)

కడప_కలం | మంగళవారం, మధ్యాహ్నం 1:30

కడపలో ఇంగ్లీషు చెప్తుంటాను. ఆ అమ్మాయి ఒక మాట రాసింది, ‘పదాలన్నీ తెలిసినా వాక్యం అర్థం కాలేదు’ అని. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది బాధ ఇదే, కానీ ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పరు.

మన తెలుగు వాక్యంలో మలుపు చెప్పే గుర్తు ఆ ముక్క చివర వస్తుంది. ‘వాన పడినా పంట పండలేదు’ అంటాం. ఆ ‘నా’ వినిపించేదాకా మలుపు ఉందని తెలియదు. ఇంగ్లీషులో ‘ఆల్దో’ అని వాక్యం మొదట్లోనే చెప్పేస్తాడు, ఇదిగో ముందర మలుపుంది అని. మన కన్ను దాన్ని పట్టించుకోకుండా పరిగెత్తి, పెద్ద పదం దగ్గర ఆగుతుంది. టెక్స్ట్ కంప్లీషన్ (ఖాళీలు పూరించే ప్రశ్న) ఇచ్చినప్పుడు ఖాళీ వైపు చూడకమ్మా. ముందు ఆల్దో, డిస్పైట్, రాదర్ దాన్, ఫార్ ఫ్రమ్, సెమీకోలన్, వీటిని వెతుకు. ఆప్షన్లు చేత్తో మూసేసి, ఖాళీలో ఏం రావాలో తెలుగులోనే ఒక మాట అనుకో. తర్వాత చెయ్యి తీయి.

ఉదాహరణకు సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో, అంటే ఒకే ఖాళీకి ఒకే భావమిచ్చే రెండు పదాలు ఎంచే ప్రశ్నలో, వాక్యం భావం ఇదనుకో: ‘పది నిమిషాల్లో చెప్పాల్సినదాన్ని గంటన్నర సాగదీశాడు, ఆయన ఉపన్యాసం ఇంత ___ అని ఎవరూ అనుకోలేదు.’ నీ మనసులో వచ్చే మాట ‘సాగతీత’. ఇప్పుడు ఆరు ఆప్షన్లలో వర్బోస్, ప్రోలిక్స్ రెండూ కనిపిస్తాయి. పక్కనే ఇంకో జత ఉంటుంది, ఎరుడైట్, లెర్నెడ్. అవి కూడా ఒకే అర్థం, పాండిత్యం ఉన్న అని, కానీ ఈ వాక్యంలో ఇమడవు. జత కనిపించగానే గుచ్చేసేవాళ్లు అక్కడ పడతారు. రెండూ సరిగ్గా పెడితేనే మార్కు. మూడు ఖాళీల ప్రశ్నలోనూ అంతే, మూడూ కుదరాలి. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదలకు.

పదాల జాబితా గురించి చిన్న పిడకల వేట. 1820లో ఉద్యోగం మీద మా కడపకు వచ్చిన బ్రౌన్ దొరకు తెలుగు అమ్మభాష కాదు. ఆయన పండితులను దగ్గర పెట్టుకుని చదివాడు, వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. నిఘంటువు వచ్చింది 1852లో. ముందు పద్యాలు, తర్వాత నిఘంటువు. మన పిల్లలు ముందే నిఘంటువు మింగేయాలని చూస్తారు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది. అటువైపు వెళ్లినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

టవర్‌క్లాక్_మామ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మేడమ్, పదాలకి తెలుగు జత పెట్టుకోవడం తప్పా? నేను బ్యాంకు పరీక్షలప్పుడు అట్లాగే నేర్చుకున్నా. పర్‌ఫంక్టరీ అంటే తూతూమంత్రం. సర్కమ్‌లొక్యూషన్ అంటే డొంకతిరుగుడు. ఎఫెమరల్ అంటే మూణ్ణాళ్ల ముచ్చట. రెకాల్సిట్రంట్ అంటే చెప్పిన మాట వినని మా ఇంట్లో చిన్నోడు.

కడప_కలం | మంగళవారం, మధ్యాహ్నం 2:45

తప్పేమిటండీ, అదే అసలైన దారి! తూతూమంత్రం అన్న మాటలో ఉన్న ఆ నిర్లక్ష్యం, ఆ మొక్కుబడి అంతా పర్‌ఫంక్టరీలో ఉంది. ‘డన్ విత్ లిటిల్ ఇంటరెస్ట్’ అని బట్టీ పడితే ఆ రుచి రాదు. లకోనిక్‌కి ముక్తసరి, అలూఫ్‌కి అంటీముట్టనట్టు.

ఒక్క జాగ్రత్త. తెలుసనుకున్న చిన్న మాటలే ముంచుతాయి. ఫ్లాగ్ అంటే జెండా ఒక్కటే కాదు, నీరసించడం. క్వాలిఫై అంటే అర్హత పొందడమే కాదు, చెప్పినదానికి షరతు పెట్టి తగ్గించి చెప్పడం. చెక్ అంటే అడ్డుకోవడం. సాంక్షన్ అయితే మరీ ఘోరం, అనుమతి ఇవ్వడమూ అదే, శిక్ష వేయడమూ అదే. ఎనర్వేట్ చూస్తే ఎనర్జీ ఇచ్చేలా ఉంటుంది, అర్థం శక్తి ఊడ్చేయడం.

చిత్రావతి | మంగళవారం, రాత్రి 11:20

బాబు పడుకున్నాక ఇప్పుడు తీరిక దొరికింది. నాది తిరగేసిన కథ. బీఏ ఎకనామిక్స్, ఆరేళ్లు ఉద్యోగం, ఇప్పుడు పబ్లిక్ పాలసీ పీజీకి రాస్తున్నా. వెర్బల్ 158, క్వాంట్ 146. భిన్నాలు కూడా మర్చిపోయాను, ఎనిమిదో తరగతి పుస్తకం తెచ్చుకుని మొదలుపెట్టాను.

నేను గమనించింది ఒకటి చెప్తా. మ్యాథ్స్‌కి నాకు ఒకేసారి గంటన్నర కావాలి. మధ్యలో లేచానంటే మళ్లీ మొదటికొస్తుంది. వెర్బల్ అట్లా కాదు, పావుగంట చొప్పున రోజుకు మూడుసార్లు కూర్చుంటే, ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చున్నదానికన్నా ఎక్కువ మిగులుతుంది. మాటలు పాలు తోడుపెట్టినట్టు, ఒక రాత్రి వాటి మానాన వాటిని వదలాలి. కుండ తీసి కదుపుతుంటే తోడుకోవు.

ధర్మవరం చెల్లీ, నీకు రోజూ రానూపోనూ బస్సుంది కదా. అందులో పదాలు పెట్టుకో. ఇంటికొచ్చాక, కళ్లు చురుగ్గా ఉన్నప్పుడు ప్యాసేజీ ఒకటి. మ్యాథ్స్ చివర్లో. నీకు ఇష్టమైంది కాబట్టి నిద్ర రాదు. నువ్వు తలకిందులుగా పెట్టుకున్నావు, అంతే.

ధర్మవరం_లోకల్ | బుధవారం, రాత్రి 8:50

అక్కా, ఈ మాట నాకు ఎందుకు తట్టలేదో! ఇష్టమైంది చివరికి దాచుకోవడం. ఈ రోజే మార్చేశా. బస్సులో పన్నెండు పదాలు. సీటు దొరకలేదు, నిలబడే చదివా.

ఒక డౌట్. మరి ఫ్రెండ్ చెప్పినట్టు ఈసీఈకి వెర్బల్ అక్కర్లేదా? నిజం చెప్పండి, ఓదార్పు వద్దు.

సెనక్కాయల_సీజన్ | బుధవారం, రాత్రి 9:30

ఓదార్పు లేకుండానే చెప్తా. క్వాంట్_గట్టిగా చెప్పినదాంట్లో నిజం ఉంది. ఇంజినీరింగ్ ఎంఎస్‌లో ముందు క్వాంట్ చూస్తారు. చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈని ఆప్షనల్ చేశాయి, కొన్ని అసలు అడగవు. నువ్వు దరఖాస్తు పెట్టే ప్రతి ప్రోగ్రాం పేజీ తెరిచి చూడు. సీనియర్ చెప్పాడని వద్దు, నేను చెప్పానని కూడా వద్దు.

కానీ క్వాంట్‌లో గుంపు పైనే ఉంటుంది. అక్కడ 160 అంటే పర్సెంటైల్ (నూటికి ఎంతమంది నీకన్నా కింద ఉన్నారనే లెక్క) సగం దగ్గర తిరుగుతుంది. వెర్బల్‌లో అదే 160కి పర్సెంటైల్ 80 దాటుతుంది. నీకు 160 రాకపోయినా పర్లేదు. 143 నుంచి 150కి ఎక్కడం మాత్రం, క్వాంట్ 166 నుంచి 169కి ఎక్కడం కన్నా తేలిక. పైగా ఆ చదువే నీ క్వాంట్‌లో ఐదు తప్పుల్ని తినేస్తుంది.

గంటలే కావాలంటే నా లెక్క ఇది. మొదటి నాలుగు వారాలు మూడు గంటల్లో రెండు వెర్బల్, ఒకటి క్వాంట్. ఆ ఒక్క గంటలో పది ప్రశ్నలే, కానీ పెన్ను ముట్టేముందు ఏమడిగాడో నోటితో ఒకసారి పైకి చెప్పాలి. నాలుగు వారాలయ్యాక మళ్లీ తప్పులు వేరు చేసి చూసుకుని మార్చుకో. ఎప్పటికీ ఇదే నిష్పత్తి అని పట్టుకు కూర్చోవద్దు. రెండో పవర్‌ప్రెప్‌ని మాత్రం ఇప్పుడే వాడేయకు, ఉచితంగా ఉన్నవి రెండే.

కందనవోలు_లెక్కలు | గురువారం, ఉదయం 7:05

ఒకటి చేరుస్తాను. వారానికొకసారైనా రెండూ కలిపి ఒకే కూర్చోవడంలో చేయాలి. పరీక్షలో ముందు అరగంట వ్యాసం, ఆ తర్వాత వెర్బల్, క్వాంట్ ఏ వరుసలోనైనా వస్తాయి. మొత్తం 1 గంట 58 నిమిషాలు, మధ్యలో విరామం లేదు. ప్యాసేజీలోంచి లేచి వెంటనే నిష్పత్తుల్లోకి దూకడం విడిగా అలవాటు కావాలి. మా పిల్లాడొకడు ఇంట్లో విడివిడిగా చేస్తే రెండూ బాగా వచ్చేవి, కలిపి పెడితే క్వాంట్‌లో మొదటి నాలుగు ప్రశ్నలూ బెదిరిపోయేవాడు.

క్వాంట్_గట్టిగా | గురువారం, ఉదయం 9:12

సరే, ఒప్పుకుంటా. నాకు క్వాంట్ 164 దగ్గర ఆగింది. సార్ ఇచ్చిన ఆ ఎక్స్, వై ప్రశ్న ఇప్పుడు చేశా, నేనూ పాజిటివ్ అనుకున్నా.

టవర్‌క్లాక్_మామ | గురువారం, ఉదయం 9:20

ఉగ్గాణి, రెండు మిరపకాయ బజ్జీలు నా ఖర్చు. ఊరొచ్చినప్పుడు చెప్పు.

ధర్మవరం_లోకల్ | ఐదు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:15

అందరికీ అప్‌డేట్. ఈ పొద్దు రెండో పవర్‌ప్రెప్ రాశా. క్వాంట్ 164, వెర్బల్ 149.

క్వాంట్‌లో తప్పు చదివినవి ఐదు నుంచి రెండుకి వచ్చాయి. ప్రశ్నను పైకి చెప్పుకుంటుంటే మొదట్లో అమ్మ ఎవరితో మాట్లాడుతున్నావే అని తొంగిచూసేది. ఇప్పుడు అలవాటైపోయింది. వెర్బల్‌లో పొడుగు ప్యాసేజీలు ఇంకా కష్టమే, రెండోసారి చదివేసరికి టైం అయిపోతోంది.

ఒక సంగతి చెప్పాలి. మొన్న ప్రాక్టీసు ప్యాసేజీ ఒకటి నేత గురించి వచ్చింది. వార్ప్, వెఫ్ట్ అని ఉంటే నాన్నని అడిగా. మగ్గం ఆపి, పోగులు చూపించి, ఇది పడుగు, ఇది పేక అన్నారు. పడుగు ముందే బిగించి ఉంటుంది, పేక అటూ ఇటూ పోతుంది అని. ఆ ప్యాసేజీలో నాలుగుకి నాలుగూ వచ్చాయి. అప్పటి నుంచి రోజూ రాత్రి ‘ఈ పొద్దు ఏం మాటలు?’ అని ఆయనే అడుగుతున్నారు. పార్సిమోనియస్ అంటే పిసినారి అని చెప్తే, మా వీధిలో ఒకాయన పేరు చెప్పి నవ్వారు. ఆ పేరు ఇక్కడ రాయను :)

చిత్రావతి | ఆదివారం, సాయంత్రం 5:40

చెల్లీ! చాలా సంతోషం. నాకు క్వాంట్ 151 అయింది. డేట్ తీసుకున్నావా?

ధర్మవరం_లోకల్ | ఆదివారం, సాయంత్రం 6:02

తీసుకున్నా అక్కా, బెంగళూరు సెంటర్, వచ్చే నెల రెండో శనివారం పొద్దున. ధర్మవరం నుంచి నేరుగా రైలుంది కదా అని. ముందురోజే వెళ్లి పిన్ని వాళ్లింట్లో ఉండాలా, లేక రాత్రి రైలెక్కి తెల్లారి దిగితే సరిపోతుందా?

సెనక్కాయల_సీజన్ | ఆదివారం, సాయంత్రం 6:20

ముందురోజే పో పాపా. నేను మొదటిసారి రాత్రి ప్రయాణం చేసి పోయా. 161, 146 ఆ రోజువే.